డబ్బాలు బండికి వేసేయండి, డిస్కులు ఉంచుకోండి

రెండు గదుల ఇంట్లో 600 సినిమా డిస్కులు ఎక్కడ పెట్టుకోవాలి, గాజు తలుపుల బీరువా చేయించుకోనా అని అడిగారు. బీరువా వద్దండీ. ముందు ఆ డబ్బాలు వదిలించుకోండి.

మామూలు డీవీడీ డబ్బా మందం 14 మిల్లీమీటర్లు. 600 డబ్బాలు పక్కపక్కన నిలబెడితే 27 అడుగులు దాటుతుంది. మూడడుగుల అరలు తొమ్మిది కట్టించినా చాలవు. లోపలున్న డిస్కు మందం 1.2 మిల్లీమీటర్లే. అన్నీ కలిపి పేర్చినా రెండున్నర అడుగులు రావు. మిగతా చోటంతా ప్లాస్టిక్కూ గాలీ. వాటికి మనం నెలనెలా అద్దె కడుతున్నాం.

ఈ లెక్క తెలిశాక కూడా నేను తప్పే చేశాను. 2007 ప్రాంతంలో మోజర్‌బేర్ కంపెనీ వాళ్లు వీసీడీ (డీవీడీకి ముందు తరం సినిమా సీడీ) 28 రూపాయలకీ, డీవీడీ 34కీ అమ్మడం మొదలుపెట్టాక నాకు పిచ్చి పట్టింది. కూరగాయలకని వెళ్లి డిస్కులతో వచ్చేవాణ్ణి. పెళ్లయ్యేనాటికి ఏడొందలు దాటాయి. విజయవాడలో పై అంతస్తు వాటా, ఒక హాలు, ఒక పడకగది. "ఏవండీ, ఈ ఇంట్లో కాపురం ఉండేది మనమా, వాళ్లా?" అంది మా ఆవిడ. వాళ్లంటే అట్టల మీది హీరోలు. దాంతో ప్లాస్టిక్ జేబులుండే జిప్పు సంచులు కొన్నాను, పెళ్లి ఆల్బమ్‌లా పేజీలు తిప్పుకునేవి. డిస్కులన్నీ వాటిలో దూర్చి, అట్టలు విడిగా దాచి, డబ్బాలు పాత సామాన్ల బండికి వేసి, సంచులు ఒకదాని మీద ఒకటి పేర్చి అటకెక్కించాను. స్లాబుకీ వాటికీ మధ్య జానెడు కూడా లేదు.

ఆ ఎండాకాలం అలాగే గడిచింది. వానలు పడ్డాక ఒక ఆదివారం అత్తగారి వైపు వాళ్లొచ్చారు. పాత సినిమా ఒకటి వేద్దామని సంచి దించాను. డిస్కు జేబులోంచి రాదే! గోరు పెట్టి లాగితే టిక్కుమంది. బొమ్మ జేబుకి అతుక్కుపోయింది, దాంతోపాటు వెండి పూత కూడా పెచ్చులుగా లేచి వచ్చేసింది. డిస్కుని కిటికీకేసి పట్టుకుంటే, రసం పోయిన అద్దంలోంచి కనపడ్డట్టు, అవతలి కొబ్బరిచెట్టు కనపడింది. ఇంకోటి తీశాను, అదీ అంతే. మా మామగారు నా మొహం చూసి "టీవీలో ఏదో ఒకటి వస్తుందిలే బాబూ" అన్నారు.

పోయినవన్నీ వీసీడీలే. డీవీడీల మీద బొమ్మలు చెదిరినా సినిమా ఆడింది. కారణం తర్వాత తెలిసింది. వీసీడీలో సినిమా ఉండే పొర బొమ్మ వేసిన వైపు, పల్చటి వార్నిష్ కిందే ఉంటుంది. మనమేమో అడుగు వైపు గీత పడకుండా కాపలా కాస్తాం. డీవీడీలో ఆ పొర రెండు పలకల మధ్య భద్రంగా ఉంటుంది. కాబట్టి అలాంటి మెత్తటి ప్లాస్టిక్ (పీవీసీ) జేబుల్లో పెట్టమని ఎవరు చెప్పినా వినకండి. విజయవాడ ఎండని మించిన పరీక్ష ఏ ల్యాబులోనూ ఉండదు.

ఇప్పుడు నా పద్ధతి ఇది. ఒక్కో డిస్కుకి ఒక కాగితం కవరు, దాని వెనకే నాలుగు మడతలు పెట్టిన డబ్బా అట్ట. దివాన్ కింద వడ్రంగి చేత ఆరంగుళాల ఎత్తు సొరుగు చేయించాను, లోపల మూడు వరసలు. డిస్కులు నిలువుగా, పాత లైబ్రరీ కార్డుల్లా. మిగిలినవన్నీ అందులో పట్టాయి. ఇంట్లో కాపీ చేసుకున్న డిస్కులుంటే వాటిని వెలుతురు తగలనివ్వకండి, వాటి రంగుపొర వెలిసిపోతుంది. గాజు తలుపులు వద్దన్నది అందుకు కూడా.

"అన్నీ ఫోన్లో వస్తుంటే ఇంకా ఇవెందుకు?" అని అడిగేవాళ్లు మీకూ ఉంటారు. నాకు ఇంటినిండా ఉన్నారు. ఫోన్లో పోయిన నెల చూసిన సినిమా ఈ నెల వెతికితే ఉండదు. ఏమైందో చెప్పే నాథుడు లేడు. లాప్‌టాప్ వాళ్లు డిస్కు పెట్టే చోటే తీసేశారు. యూఎస్‌బీ డ్రైవు విడిగా కొనుక్కోవాల్సి వచ్చింది. సన్నగా ఉండాలట! లాప్‌టాప్‌కి పెళ్లిచూపులా ఏమన్నానా?

ఇంకో మాట, ఎవరికీ అరువివ్వకండి. ఎండకి పోయినవి సగమైతే, మా బావమరిది పట్టుకెళ్లినవి పావు వంతు. వీసీడీ సినిమాకి రెండు డిస్కులుండేవి కదా, వాడు ఒకసారి రెండోది మాత్రమే తిరిగిచ్చాడు. అది ఇప్పటికీ సొరుగులో ఉంది. ఆ ఇంట్లో వాళ్లు ఇంటర్వెల్ దాకా చూస్తారు, మేం ఇంటర్వెల్ నుంచి చూస్తాం.