బొగ్గు రేటు పెరిగితే ఎన్‌ఎల్‌సీ ఇండియా లాభం పెరుగుతుందా?

మీరడిగింది: సింగరేణి షేరు దొరకదు కాబట్టి, గనులూ కరెంటు ప్లాంట్లూ రెండూ ఉన్న ఎన్‌ఎల్‌సీ ఇండియా కొనొచ్చా, బొగ్గు ధర పెరిగితే షేరూ పెరుగుతుందా అని.

సింగరేణి సంగతి నిజమే. తెలంగాణకు 51, కేంద్రానికి 49 శాతం వాటాలు. ఎక్స్ఛేంజీలో లిస్ట్ కాలేదు. కానీ బొగ్గు ధర మీద ఆశతో మాత్రం ఎన్‌ఎల్‌సీ (తమిళనాడులోని నైవేలీ కంపెనీ) షేరు కొనకండి. అక్కడ తవ్వేది లిగ్నైట్, అంటే తక్కువ రకం గోధుమరంగు బొగ్గు. అందులో సుమారు సగం తేమే. దూరం మోస్తే గిట్టదు కాబట్టి గని పక్కనే కాల్చాలి. డిస్కంలకు (కరెంటు పంపిణీ సంస్థలకు) ఒప్పందం మీద అమ్మే ఆ కరెంటు రేటును మార్కెట్ కాదు, కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది.

లెక్క ఇలా ఉంటుంది. ప్లాంటు ఖర్చు 10,000 కోట్లు అనుకోండి. 70 శాతం అప్పు, 30 శాతం ఈక్విటీగా లెక్కిస్తారు. ఆ 3,000 కోట్ల మీద థర్మల్ ప్లాంటుకు 15.5 శాతం, అంటే ఏటా 465 కోట్లు కంపెనీకి రాబడి. ఈ రాబడితో పాటు వడ్డీ, తరుగుదల, నిర్వహణ ఖర్చులు ఫిక్స్‌డ్ చార్జీలో వస్తాయి. ఇంధనం ఖర్చు విడిగా, నిబంధనల ప్రకారం డిస్కం కడుతుంది. కాబట్టి ఇంధనం ప్రియమైతే పెరిగేది డిస్కం బిల్లే, మీ లాభం కాదు.

దెబ్బ తగిలేది అవైలబిలిటీ దగ్గర. చాలా ప్లాంట్లు ఏడాదిలో 85 శాతం సిద్ధంగా ఉంటేనే ఫిక్స్‌డ్ చార్జీ పూర్తిగా వస్తుంది (కొన్ని లిగ్నైట్ యూనిట్లకు ఇంకాస్త తక్కువ). 68 శాతానికి పడితే ఐదో వంతు కోత. పై ప్లాంటు ఫిక్స్‌డ్ చార్జీ 1,800 కోట్లయితే 360 కోట్లు పోతాయి. బ్యాంకు వడ్డీ మాత్రం తగ్గదు. పన్ను సంగతి పక్కన పెడితే 465లో మిగిలేది 105. పీఎల్‌ఎఫ్ (సామర్థ్యంలో నిజంగా ఉత్పత్తి చేసిన శాతం) తగ్గిందని కంగారు పడేవాళ్లు ఎక్కువ. డిస్కం కరెంటు తీసుకోకపోయినా, ప్లాంటు సిద్ధంగా ఉంటే ఫిక్స్‌డ్ చార్జీ వస్తుంది.

మరి నైవేలీలో ప్లాంటు ఎందుకు ఆగుతుంది? ముఖ్యంగా భూమి వల్ల. ఓపెన్‌కాస్ట్ గని ముందుకు జరుగుతూ ఉండాలి. కొత్త భూమి చేతికి రాకపోతే లిగ్నైట్ ఉండదు. 2023లో కడలూరు జిల్లాలో రైతుల ఆందోళన దీనిమీదే. పైగా లిగ్నైట్ పొర కింద ఒత్తిడితో ఉన్న భూగర్భజలాన్ని రాత్రింబవళ్లు తోడకపోతే గని అడుగు పైకి ఉబ్బుతుంది. వార్షిక నివేదికలో టన్ను లిగ్నైట్‌కు ఎన్ని ఘనపు మీటర్ల మట్టి తీస్తున్నారో చూడండి. ఆ అంకె ఏటేటా పెరుగుతుంటే జాగ్రత్తపడాలి.

త్రైమాసిక ఫలితాల్లో 'రెగ్యులేటరీ డిఫరల్' అనే లైను తప్పక చదవండి. మండలి ఉత్తర్వుల మీద రావాల్సినవీ ఇవ్వాల్సినవీ అందులోకి వస్తాయి. లాభం ఒక్కసారిగా ఎగిరిందని సంబరపడేముందు దాన్ని తీసేసి లెక్క వేయండి. తర్వాత రిసీవబుల్స్‌ను (కొన్నవాళ్లు ఇంకా కట్టాల్సిన బాకీలను) అమ్మకాలతో భాగించి 365తో గుణించండి. 2022 జూన్ నియమాల ప్రకారం, బిల్లు ఇచ్చిన రెండున్నర నెలల తర్వాత కూడా కట్టని డిస్కంకు గ్రిడ్ వాడకంపై ఆంక్షలు వస్తాయి. మీ లెక్క 75 రోజులు బాగా దాటితే ఎవరు బాకీ ఉన్నారో వెతకాలి.

లాభం పెరిగే దారి ప్రధానంగా కొత్త ప్లాంటు వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టడమే. అప్పటిదాకా 'నిర్మాణంలో ఉన్న పనులు' పద్దులోని డబ్బు పైసా సంపాదించదు. ఆలస్యమైతే వడ్డీ పేరుకుంటుంది; తప్పు కంపెనీదే అయితే మండలి దాన్ని టారిఫ్‌లో ఒప్పుకోకపోవచ్చు. యూపీలోని ఘాటంపూర్ 1,980 మెగావాట్లలో ఎన్‌ఎల్‌సీ వాటా 51 శాతమే. అందుకే కన్సాలిడేటెడ్ (అనుబంధ కంపెనీలను కలిపిన) లాభంలో మైనారిటీ వాటా, అంటే ఇతర భాగస్వాములది, తీసేశాక మిగిలేదే చూడాలి.

ప్రభుత్వం వాటా అమ్మడం మరో సంగతి. 2024 మార్చిలో 7 శాతం వాటాను 212 రూపాయల కనీస ధరకు, అప్పటి మార్కెట్ ధర కంటే తక్కువకు, అమ్మకానికి పెట్టింది. అలాంటప్పుడు రిటైల్ వాళ్లకు రెండో రోజు బిడ్ వేసే వీలుంటుంది. తొందర లేనివాళ్లు దానికోసం ఆగొచ్చు.

ఈ షేరుకు నేను పీఈ (షేరు ధర, లాభం నిష్పత్తి) కంటే పుస్తక విలువనే, అంటే ఆస్తుల్లోంచి అప్పులు తీసేశాక మిగిలేదాన్నే, నమ్ముతాను. పుస్తక విలువ మీద 15.5 శాతం వచ్చే వ్యాపారాన్ని దానికి రెట్టింపు ధరకు కొంటే, మీ డబ్బు మీద పడేది 7.75 శాతమే.