గవిలో కాపురం, గుట్ట మీద హక్కు: మీ ప్రశ్నలు – మా జవాబులు

ప్రశ్న: మా నాన్న 1988 నుంచి ఊరి గుట్ట మీద గవిలో (గుహలో) ఉంటున్నారు. పెద్ద గుండు కింద రాతిగోడ కట్టి తలుపు పెట్టారు. ముందున్న ఎకరన్నర చదును చేసి జొన్న, ఉలవ వేస్తున్నారు. రికార్డులో గుట్ట పోరంబోకు (ప్రభుత్వ భూమి). రెండుసార్లు బి-మెమో (ఆక్రమణ నోటీసు) వస్తే జరిమానా కట్టాం. ముప్పయ్యేళ్లు దాటింది కదా, పట్టాకు అర్జీ పెట్టమంటున్నారు. పెట్టమంటారా?
– ఒక పాఠకుడు, అన్నమయ్య జిల్లా

జవాబు: అర్జీ రాసే ముందు కాస్త ఆగండి. ముప్పయ్యేళ్ల హక్కు ఒక దారి, పట్టా ఇంకో దారి. రెండింటికీ పడదు.

ప్రైవేటు భూమికి 12 ఏళ్లు, సర్కారు భూమికి 30 ఏళ్లు అనే లెక్క 1963 కాలపరిమితి చట్టంలోది. ఆ దారిలో మీరు చెప్పుకోవాల్సింది: ప్రభుత్వ హక్కును కాదని, నలుగురికీ తెలిసేలా, ఎడతెగకుండా సొంతదారులా అనుభవించాం అని. ‘పట్టా ఇప్పించండి’ అని తహసీల్దారుకు రాశారంటే భూమి ప్రభుత్వానిదేనని సంతకం పెట్టి ఇచ్చినట్టే. రేపు కోర్టులో ప్రభుత్వ ప్లీడరు ముందు తీసేది ఆ కాగితమే.

బి-మెమో రసీదుల మీద చాలామందికి లేనిపోని ధీమా. మీరు అక్కడున్నారని అవి చెబుతాయి, హక్కుందని చెప్పవు. శిస్తు కట్టినంత మాత్రాన హక్కు రాదని 1905 భూఆక్రమణల చట్టంలోనే ఉంది. అలాగని పారేయకండి, ఏ ఏడాది ఎంత జాగాలో ఉన్నారో తేలేది వాటితోనే. అడంగల్‌లో (ఊరి సాగు లెక్కల రికార్డులో) అనుభవదారు గడి నకళ్లు కూడా ఏడాదివారీగా తీయించండి.

గవితో ఇంకో చిక్కుంది. పశువుల మందతో కొన్ని నెలలు కిందికి దిగిపోతే, అనుభవం తెగిందంటారు. తలుపు, తాళం, గట్లు అప్పుడూ అక్కడే ఉన్నాయని పక్క చేలవాళ్లు చెప్పగలగాలి. ఎప్పుడు, ఎలా ప్రవేశించారు, అసలు హక్కుదారుకు ఆ సంగతి తెలుసా అన్నవి రుజువు చేయాలని 2004లో కర్ణాటక వక్ఫ్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఈ హక్కు మీద మనమే దావా వేయొచ్చని 2019లో తేల్చింది. ప్రభుత్వం మీద దావాకు ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 నోటీసిచ్చి రెండు నెలలు ఆగాలి. గెలిచినా వచ్చేది గవి, దున్నిన ఎకరన్నర మాత్రమే, గుట్టంతా కాదు.

రుజువులు పలచగా ఉంటే మా ఓటు అసైన్‌మెంటుకే (ప్రభుత్వం పేదలకు భూమి ఇచ్చే పద్ధతి). సొంత భూమి మాగాణి 2.5 ఎకరాలో, మెట్ట 5 ఎకరాలో దాటకూడదు. పోరంబోకును ముందు ఆ వర్గం నుంచి మార్చాలి. అది కలెక్టరు స్థాయిలో నలిగే ఫైలు. వాగు పోరంబోకైతే ఆశ వదులుకోండి. డి-పట్టా (అసైన్‌మెంటులో ఇచ్చే పట్టా) చేతికొచ్చినా ఇష్టమొచ్చినట్టు అమ్ముకోవడానికి ఉండదు.

వీటన్నిటికంటే ముందు ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పుస్తకం) పట్టుకుని సర్వేయరుతో గుట్ట ఎక్కండి. గవి రిజర్వు ఫారెస్టు హద్దు లోపల పడితే పైన చెప్పిందేదీ పనికిరాదు. కింది జవాబు చూడండి.

ప్రశ్న: మేం చెంచులం. తాతల కాలం నుంచి వానాకాలం బండచూరు (ముందుకు వాలిన బండ) కింద, మిగతా రోజులు గుడిసెల్లో. ఇంటి పన్ను రసీదు ఒక్కటీ లేదు. అటవీ హక్కు వస్తుందా?
– నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: వస్తుంది, రసీదు లేకపోయినా. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం గిరిజనులు 2005 డిసెంబరు 13 నాటికి ఆ భూమి మీద ఉంటే చాలు. (గిరిజనేతరులైతే 75 ఏళ్ల నివాసం చూపాలి.) కనీసం రెండు ఆధారాలు కావాలి: పెద్దల వాంగ్మూలం ఒకటి, భూమి మీది గుర్తులు ఒకటి. బావి, సమాధులు, దేవర రాయి, చదును చేసిన గట్లు ఆ గుర్తుల్లోకే వస్తాయి. వాంగ్మూలం ఇచ్చే పెద్దమనిషి హక్కు కోరేవాడే కాకూడదు.

సాగుభూమికి ఫారం-ఎ గ్రామసభకు ఇవ్వండి. సాగులో ఉన్నంతే ఇస్తారు, గరిష్ఠంగా 4 హెక్టార్లు, భార్యాభర్తలిద్దరి పేరునా. బండచూరును ఒక్కరి పేరున అడగొద్దు. చెంచుల్లాంటి ఆదిమ తెగలకు ఆవాస హక్కు విడిగా ఉంది, పెంటలన్నీ (చెంచు గూడేలన్నీ) కలిసి అడగాలి. తిరస్కరిస్తే నోటిమాటతో సరిపెట్టుకోక రాతపూర్వకంగా తీసుకోండి. పై కమిటీకి వెళ్లడానికి 60 రోజులే గడువు.

ప్రశ్న: వానొస్తే గవి లోపలికి నీళ్లు పాకుతున్నాయి. పొయ్యి మీది బండ పెచ్చులూడుతోంది. ఏం చేయాలి?

జవాబు: నీరు రాతికి అంటుకుని వంపు వెంట లోపలికొస్తుంది. పాత జైన, బౌద్ధ గుహల నుదుట గాడి చెక్కింది దీనికోసమే. మీరు రాయి చెక్కకండి. బండ బయటి అంచున నాచు తీగబ్రష్‌తో గీకి, తడిపి, ఒకటికి మూడు సిమెంటు-ఇసుక మాలుతో రెండంగుళాల గట్టు పెట్టండి. రెండు కొసలూ పక్కలకు వాలాలి. రెండు గుండ్ల సందులోంచి కారే నీటికి ఇది పనిచేయదు, పైన కాలువ తీసి మళ్లించాల్సిందే.

పెచ్చులకు కారణం మంట. రాయి పైపొర వేడికి వ్యాకోచిస్తుంది, లోపలిది చల్లగానే ఉంటుంది. పొయ్యి గోడ బయటికి మార్చండి. పైకప్పును కర్రతో తట్టి చూడండి. డొల్లగా మోగిన చోటు కింద పడక వేయకండి, ముందు ఆ పెచ్చును పక్కన నిలబడి గడ్డపారతో దించేయండి.