కంప్యూటర్ ఆగమంది, ఆగాం; మరి తప్పెక్కడ?

ప్రశ్న: స్నేహితుడితో కలిసి 30 మీటర్ల లోతున స్కూబా డైవ్ చేస్తూ, ఫొటోల ధ్యాసలో పడి చేతికున్న డైవ్ కంప్యూటర్‌ను చూడటం మరిచాను. చూసేసరికి మధ్యలో ఆగకుండా పైకి రాగలిగేలా ఆ లోతున ఇంకా ఎన్ని నిమిషాలు ఉండవచ్చో చూపే అంకె పోయి, 3 మీటర్ల దగ్గర 6 నిమిషాలు ఆగాలన్న సూచన కనిపించింది. అప్పటికి ఇద్దరి 12 లీటర్ల సిలిండర్లలోనూ 60 బార్ (నేల మీది గాలి పీడనానికి దాదాపు 60 రెట్లు) చొప్పున గాలి ఉంది. చెప్పినట్టే ఆగి క్షేమంగా పైకి వచ్చాం. పడవలోని గైడు మాత్రం గట్టిగా మందలించారు. కంప్యూటర్ చెప్పినట్టు చేసినా తప్పేనా?

జవాబు: మీరు ఆగడం తప్పు కాదు. ఆగవలసి వస్తుందని ముందుగా అనుకోకుండా, దానికి కావలసిన గాలిని పక్కన పెట్టుకోకుండా అక్కడి దాకా వెళ్లడమే తప్పు. మీ గైడు కోపం న్యాయమైనదే.

30 మీటర్ల లోతున శరీరం మీద పీడనం నేల మీద ఉన్నదానికి 4 రెట్లు ఉంటుంది. పీల్చే గాలిలో ఐదింట నాలుగు వంతులు నత్రజనే కాబట్టి, ఆ పీడనం వద్ద అది రక్తంలోనూ కణజాలాల్లోనూ నిమిషనిమిషానికీ మరింతగా కరుగుతూ పోతుంది. పైకి వచ్చేటప్పుడు అది ఊపిరితిత్తుల ద్వారా తీరిగ్గా బయటికి పోవాలి. తొందరపడితే ఒంట్లోనే బుడగలు కడుతుంది. అంచెలంచెలుగా ఆగుతూ పైకి రావాలన్న పద్ధతిని హాల్డేన్ అనే శాస్త్రజ్ఞుడు మేకల మీద ప్రయోగాలు చేసి 1908లోనే ప్రకటించారు. మీ చేతి కంప్యూటర్ చేసే లెక్కకు మూలం ఆ పద్ధతే.

కంప్యూటర్‌లో నిమిషాలు మిగిలి ఉన్నంతసేపూ, ఏ ఇబ్బంది వచ్చినా నిదానంగా నేరుగా పైకి రాగలిగే వెసులుబాటు మీకుంది. చివర 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగే సేఫ్టీ స్టాప్ మంచి అలవాటే గాని, గాలి చాలకపోతే దాన్ని వదులుకోవచ్చు. ఆ నిమిషాలు సున్నాకు చేరాక తల మీద కంటికి కనిపించని కప్పు ఒకటి పడిందన్నమాట. ఇప్పుడు ఆగడం మీ ఇష్టాయిష్టాల మీద ఆధారపడదు. వినోదం కోసం డైవ్ చేసేవారికి ఇచ్చే శిక్షణ అంతా నేరుగా పైకి రాగలమన్న నమ్మకం మీదే నిలబడి ఉంటుంది. మీరు పోగొట్టుకున్నది దాన్నే.

ఇక గాలి లెక్క చూద్దాం. మనిషి నీటిపైన నిమిషానికి 20 లీటర్లు పీలుస్తాడనుకుంటే, 30 మీటర్ల దగ్గర అదే 80 లీటర్లవుతుంది. అక్కడ సర్దుకోవడానికి ఒక నిమిషం, నిమిషానికి 9 మీటర్ల చొప్పున పైకి రావడానికి 3 నిమిషాలు, స్టాప్‌కు 6 నిమిషాలు కలిపితే ఒక్కరికి సుమారు 395 లీటర్లు కావాలి. మీ దగ్గర 720 లీటర్లు (12 లీటర్ల సిలిండర్ × 60 బార్) ఉన్నాయి కాబట్టి సరిపోయింది. అయితే ఆ క్షణంలో మీ స్నేహితుడికి సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ పనిచేయడం మానేసి, ఇద్దరూ మీ సిలిండర్ మీదే ఆధారపడి ఉంటే సుమారు 790 లీటర్లు కావలసి వచ్చేది. అంటే దాదాపు చివరి ఒకటిన్నర నిమిషాల స్టాప్‌కు సిలిండర్‌లో గాలి ఉండేది కాదు. ఇది కూడా ఇద్దరూ నింపాదిగా ఊపిరి తీసుకున్నారనుకుని వేసిన లెక్క. భయపడిన మనిషి అంతకు రెట్టింపు పీలుస్తాడు. కంప్యూటర్ మీ ఒంట్లోని నత్రజనిని అంచనా వేస్తుందే తప్ప, స్నేహితుడికి కూడా గాలి మిగిల్చారా అని అడగదు.

మరో చిక్కు ఉంది. 200 బార్ నింపిన 12 లీటర్ల సిలిండర్‌లో గాలి బరువే దాదాపు 3 కిలోలు. డైవ్ చివరికి అందులో 2 కిలోలకు పైగా ఖర్చయిపోవడంతో సిలిండర్ తేలికై మిమ్మల్ని పైకి లాగుతుంటుంది, పైగా 3 మీటర్ల దగ్గర అలల ఊపు బాగా తెలుస్తుంది. నడుముకు బరువులు చాలినంత లేకపోతే అక్కడ 6 నిమిషాలు నిలబడటం గగనమే. తాడు ఉంటే పట్టుకోండి; 3 మీటర్లన్నది దాటకూడని హద్దు కాబట్టి, ఒక మీటరు కిందనే ఉండటం మేలు.

ఇకపై 5 నిమిషాలు మిగిలి ఉండగానే పై లోతులకు కదలండి. రోజులో రెండో డైవ్‌లో ఈ నిమిషాలు మరింత త్వరగా కరుగుతాయి, ఎందుకంటే మొదటి డైవ్ నత్రజని ఇంకా ఒంట్లోనే ఉంటుంది. ఇద్దరి కంప్యూటర్లలో ఏది తక్కువ చూపితే దాన్నే ఇద్దరూ పాటించాలి. (కెమెరా ఉన్న డైవర్ మాట ఇవ్వడమే గాని నిలబెట్టుకోవడం అరుదు, కనుక ఈ పని స్నేహితుడికి అప్పగించండి.)

ప్రశ్న: స్టాప్ పూర్తి కాకముందే గాలి అయిపోతే ఏం చేయాలి?

జవాబు: పైకి వచ్చేయాలి. బుడగల జబ్బుకు చికిత్స ఉంది. నీటిలో ఊపిరి ఆడకపోతే మిగిలేది ఏమీ లేదు. పైకి వచ్చాక, కొత్త సిలిండర్ తగిలించుకుని మిగిలిన నిమిషాలు పూర్తి చేద్దామని మళ్లీ దిగకండి. పడవలో ఉన్నవారికి వెంటనే చెప్పి, పడుకుని, స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్చండి. కీళ్లలో నొప్పి, తిమ్మిరి, చర్మం మీద మచ్చలు, కాళ్లలో బలహీనత, అసాధారణమైన నీరసం కనిపిస్తే, అలసట వల్లేనని సరిపెట్టుకోకుండా పీడన గది ఉన్న ఆసుపత్రికి చేరాలి. అక్కడ అధిక పీడనం వద్ద ఆక్సిజన్ ఇస్తారు. లక్షణాలు తరచుగా మొదటి కొన్ని గంటల్లోనే బయటపడతాయి గాని, ఏమీ అనిపించకపోయినా కనీసం 24 గంటలు నీటిలోకి దిగవద్దు, విమానం ఎక్కవద్దు.