లాగిన్ కాని సర్వరుకు జోను

ప్రశ్న: మా డేటా సెంటర్‌లో స్టోరేజీకి వేరుగా, నెట్‌వర్క్‌కు వేరుగా ఉన్న కేబుళ్లను తీసేసి సర్వర్లకు కన్వర్జ్‌డ్ అడాప్టర్లు (రెండింటినీ ఒకే కేబుల్‌పై నడిపే కార్డులు) వేశాం. కొత్తగా పెట్టిన ఒక సర్వరుకు నెట్‌వర్క్ బాగానే వస్తోంది గాని స్టోరేజీ డిస్కులు కనిపించడం లేదు. జోను మూడుసార్లు తీసేసి మళ్లీ రాశాం. పొరపాటు ఎక్కడ జరిగి ఉంటుంది? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మూడుసార్లు జోను మార్చామన్నారే గాని, ఆ సర్వరు స్విచ్‌లో లాగిన్ అయిందో లేదో చూసినట్టు ఎక్కడా రాయలేదు. ఫ్యాబ్రిక్‌లోకి, అంటే స్టోరేజీ స్విచ్‌ల అల్లికలోకి, వచ్చిన పరికరాలలో ఎవరు ఎవరితో మాట్లాడవచ్చో చెప్పడమే జోను పని. గుమ్మం ఎక్కని చుట్టానికి విస్తరి ఏ వరుసలో వేసినా ఒకటే కాబట్టి, జోనును కాసేపు పక్కన పెట్టి, సిస్కో స్విచ్ అయితే లాగిన్ అయినవాటి జాబితా చూపే 'షో ఫ్లోగీ డేటాబేస్' కొట్టి, మీ అడాప్టరు డబ్ల్యూడబ్ల్యూపీఎన్ (ఆ పోర్టుకే ప్రత్యేకమైన పేరు) అందులో ఉందేమో ముందుగా చూడండి.

లేకపోతే చిక్కు ఈథర్నెట్ వైపున ఉన్నట్టే. ఎఫ్‌సీఓఈలో, అంటే ఫైబర్ ఛానల్ అనే స్టోరేజీ ప్రోటోకాల్‌ను ఈథర్నెట్ మీద నడిపే పద్ధతిలో, అడాప్టరు నేరుగా లాగిన్ అవదు. ఫిప్ అనే ప్రోటోకాల్ ద్వారా ముందు స్టోరేజీ వీల్యాన్ (ఒకే తీగపై విడదీసిన వేరు నెట్‌వర్క్) ఏదని అడుగుతుంది, ఆ వీల్యాన్‌లో తనను చేర్చుకునే స్విచ్ ఎవరని వెతుకుతుంది, ఆ తరువాతే ఫ్యాబ్రిక్ లాగిన్ పంపుతుంది. మొదటి ప్రశ్న ట్యాగ్ లేని నేటివ్ వీల్యాన్‌లో వెళ్తుంది, స్టోరేజీ ఫ్రేములు మాత్రం ట్యాగ్‌తో వేరే వీల్యాన్‌లో నడుస్తాయి. అందువల్ల పోర్టు ట్రంక్‌గా (పలు వీల్యాన్‌లను మోసేదిగా) ఉండాలి, స్టోరేజీ వీల్యాన్‌ను ఆ ట్రంక్ అనుమతించాలి, దానినే నేటివ్ వీల్యాన్‌గా పెట్టకూడదు. ఈ ఏర్పాటులో తేడా ఉన్నా మామూలు నెట్‌వర్క్ చక్కగా నడుస్తుంది. మీరు జోను మీద అనుమానపడడానికి కారణం బహుశా ఇదే. వర్చువల్ ఫైబర్ ఛానల్ ఇంటర్‌ఫేస్‌ను సరైన ఈథర్నెట్ పోర్టుకు కట్టారా, అది సరైన వీసాన్‌లో (వీల్యాన్ లాంటి స్టోరేజీ విభాగంలో) ఉందా, ఆ వీసాన్‌కు ఆ వీల్యాన్‌ను జతచేశారా అన్నవి కూడా ఇదే దఫాలో చూడవలసినవి.

లాగిన్ కుదిరితే స్విచ్ 24 బిట్ల ఫైబర్ ఛానల్ ఐడీ ఇస్తుంది. స్టోరేజీ కోసం అడాప్టరు వాడే మ్యాక్ అడ్రసు కూడా మామూలుగా దాని నుంచే తయారవుతుంది: ముందు 0ఈ:ఎఫ్‌సీ:00, వెనుక ఆ ఐడీ. ఐడీ 01:04:02 అయితే మ్యాక్ 0ఈ:ఎఫ్‌సీ:00:01:04:02 అవుతుంది. కాబట్టి స్విచ్‌లో ఇటువంటి మ్యాక్ కనిపిస్తే అది ఏ ఐడీదో చూసిన వెంటనే చెప్పవచ్చు.

జోను వంతు ఇప్పుడు వస్తుంది. రాసి సేవ్ చేసిన జోను వేరు, అమలులో ఉన్న జోన్‌సెట్ (జోనుల సమూహం) వేరు. యాక్టివేట్ చేయనిదే మార్పు ఏదీ పనిచేయదు. సిస్కోలో 'షో జోన్‌సెట్ యాక్టివ్' ఇస్తే, లాగిన్ అయి ఉన్న సభ్యుల ముందు నక్షత్రం గుర్తు పడుతుంది. పేరు ఉండి గుర్తు లేకపోతే ఆ పరికరం అక్కడ లేదన్నమాట, లేదా నోడ్ పేరును (మొత్తం పరికరం పేరును) పోర్టు పేరనుకుని ఎక్కించారన్నమాట. ఒకసారి రెండు గంటలు జోనులన్నీ తిరగేసి, చివరికి 'ఏ' ఫ్యాబ్రిక్ కేబుల్‌ను 'బీ' స్విచ్‌లో పెట్టుకున్నామని తెలుసుకున్న బృందంలో నేనూ ఉన్నాను. జోను, లాగిన్ రెండూ సరిగా ఉండి డిస్కులు రాకపోతే, స్టోరేజీలో ఆ సర్వరు పేరున ఎల్‌యూఎన్ (సర్వరుకు డిస్కుగా కనిపించే భాగం) కేటాయించారో లేదో చూడండి.

ఇంకొక మాట. పది సర్వర్లను ఒకే జోనులో వేసే అలవాటు ఉంటే మానుకోండి. ఒక పరికరం వచ్చినా పోయినా ఆ సమాచారం జోనులో మిగతావారికీ అందుతుంది కాబట్టి, ఒక్కో జోనుకు ఒక్క సర్వరు పోర్టు చొప్పున పెట్టుకుంటే ఒకరి రీబూట్ మరొకరికి తగలదు.

ప్రశ్న: ఐబీఎం పవర్ సర్వర్లలో ఒక్కో వర్చువల్ ఫైబర్ ఛానల్ అడాప్టరుకు రెండు డబ్ల్యూడబ్ల్యూపీఎన్‌లు ఉన్నాయి, స్విచ్‌లో ఒకటే కనిపిస్తోంది. రెండోది జోనులో వేయాలా? – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: తప్పకుండా వేయాలి. పార్టిషన్‌ను (సర్వరులో నడిచే వర్చువల్ సర్వరును) ఆపకుండా వేరే సర్వరుకు తరలించేటప్పుడు అక్కడ లాగిన్ అయ్యేది ఆ రెండోదే. మామూలు రోజుల్లో అది స్విచ్‌కు కనిపించదు కాబట్టి జాబితాలో వెతికి ఎంచుకోవడం కుదరదు. హెచ్‌ఎంసీలో (ఆ సర్వర్లను నిర్వహించే కన్సోల్‌లో) చూసి అంకెలు ఎక్కించాలి, లేదా 'సీహెచ్‌ఎన్‌పోర్ట్‌లాగిన్' ఆదేశంతో తాత్కాలికంగా లాగిన్ చేయించి, జోను కట్టాక లాగౌట్ చేయించాలి. స్టోరేజీలో హోస్ట్ పేరు కింద కూడా రెండూ చేర్చండి.