కౌన్సిల్ ఇళ్లకు కొత్త కంప్యూటర్ వ్యవస్థ దేనికి?

ప్రశ్న: ఇంగ్లండులో మా అబ్బాయి ఉండే పట్టణంలో కౌన్సిల్ (స్థానిక పాలక సంస్థ) తన అద్దె ఇళ్ల కంప్యూటర్ వ్యవస్థను మారుస్తోందట. ఉన్నది పనిచేస్తుండగా అంత ఖర్చు దేనికి? (ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: అద్దె ఖాతాలు ఒకచోట, మరమ్మతుల ఫిర్యాదులు మరోచోట, తనిఖీ నివేదికలు ఎక్సెల్ పట్టికల్లో ఉంటే, పడకగది గోడకు చెమ్మ పట్టిందని ఒకే ఇంటివారు మూడుసార్లు మొరపెట్టుకున్నా ఆ సంగతి ఎవరి దృష్టికీ రాదు. ఇంగ్లండులోని రోచ్‌డేల్ పట్టణంలో 2020లో బూజు పట్టిన అద్దె ఇంట్లో పెరిగిన రెండేళ్ల అవాబ్ ఇషాక్ మరణించాక రూపొందిన నిబంధనలు 2025 అక్టోబరు 27న అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం అత్యవసర ప్రమాదాన్ని 24 గంటల్లో తొలగించాలి, తీవ్రమైన చెమ్మ, బూజులను 10 పనిదినాల్లో పరిశీలించాలి. ఫిర్యాదు అందిన వేళ నమోదు కాకుంటే గడువును లెక్కించేదెలా? నిజానికి సాఫ్ట్‌వేర్ కొనడం సులువే. పాత చిరునామాల తప్పులు సరిచేసి, ఏ ఇంటి వివరాలన్నిటినీ ఆ ఇంటి గుర్తింపు సంఖ్య ఒక్కదాని కిందికి చేర్చడమే అసలు శ్రమ.