బేస్‌బాల్ మాటలు పట్టుబడాలంటే ముందు పెన్సిల్ పట్టుకో

చి.ల.సౌ. బుజ్జికి, పెదనాన్న ఆశీస్సులు.

మొన్న ఆదివారం ఫోన్‌లో నువ్వు అన్న మాట ఇంకా మనసులోనే తిరుగుతోంది. "మా బాబు బ్యాట్ పట్టుకుని నిలబడితే చుట్టూ ఉన్న అమ్మానాన్నలందరూ ఏదో అరుస్తారు పెదనాన్నా, నాకు ఒక్క ముక్క అర్థం కాదు, చప్పట్లు కూడా పక్కవాళ్లని చూసి కొడుతున్నా" అన్నావు. ఫోన్‌లో హడావిడిగా ఏదో చెప్పాను గానీ తృప్తి కలగలేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

రెండు వందల బేస్‌బాల్ మాటల లిస్టు ప్రింట్ తీసి బట్టీ పడుతున్నానన్నావు కదా, అది పక్కన పెట్టెయ్ తల్లీ. లిస్టులో చదివిన మాట గుర్తొచ్చేలోపు మైదానంలో ఆట దాటిపోతుంది. ఈ ఆటలో ప్రతి మాటా అక్కడ జరిగే ఒక పనికి అతుక్కుని ఉంటుంది. ఆ పనిని కళ్లతో చూస్తూ చేత్తో రాసుకుంటే మాట దానంతటదే నోటికి వస్తుంది. ఒక స్కోర్‌బుక్కు, రెండు పెన్సిళ్లు, ఒక రబ్బరు కొనుక్కో.

ఇంత పట్టుదలగా చెప్పడానికి కారణం ఉంది. తెలియనితనం వల్ల ఒకసారి మీ అన్నయ్యని చాలా బాధపెట్టాను. వాడికి అప్పుడు పదేళ్లు. ఆఖరి ఇన్నింగ్, స్కోరు సమానం, మూడు బేసుల మీదా మావాడి టీమ్ పిల్లలే ఉన్నారు. వీడు బ్యాట్ ఎత్తుకుని నిలబడి బంతుల్ని ఒక్కొక్కటిగా వదిలేశాడు. నాలుగోది కూడా వదిలేసి, బ్యాట్ కింద పడేసి ఫస్ట్ బేస్ వైపు నడిచాడు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. నాకేమో ఉక్రోషం. కారెక్కగానే "అన్నీ వదిలేస్తావేంట్రా, కొట్టడానికి భయమా?" అన్నాను. ఇంటికి వచ్చేదాకా వాడు కిటికీ వైపు తిరిగే కూర్చున్నాడు.

అందకుండా పోయి, బ్యాటర్ ఊపకుండా వదిలేసిన బంతిని బాల్ అంటారనీ, అలాంటివి నాలుగు పడితే బ్యాటర్‌కి ఊరికే ఫస్ట్ బేస్ ఇస్తారనీ, దాన్ని వాక్ అంటారనీ, బేసులు నిండుగా ఉన్నప్పుడు వాక్ వస్తే థర్డ్ బేస్ మీదున్నవాడు హోమ్‌కి, అంటే బ్యాటర్ నిలబడే చోటుకి, వచ్చేసి పరుగు అవుతాడనీ, ఆ పరుగుతోనే వాళ్లు గెలిచారనీ ఆ రాత్రి మా పక్కింటాయన చెబితే తెలిసింది. కోచ్ "గుడ్ ఐ, గుడ్ ఐ" అని అరిచింది మావాడినే. అందని బంతిని గుర్తుపట్టి వదిలేసే కన్నుకి ఇచ్చే మెచ్చుకోలు అది. అంచేత నువ్వు నేర్చుకోవాల్సిన మొదటి మాట హోమ్ రన్ కాదు, గుడ్ ఐ. మనవాడు చెడ్డ బంతిని వదిలేసిన ప్రతిసారీ గట్టిగా అను. వాడికి వినబడాలి.

ఇక పుస్తకం సంగతి. ఒక్కో బ్యాటర్‌కి ఒక్కో వరస, అందులో ఒక్కో ఇన్నింగ్‌కి ఒక్కో గడి, గడి మధ్యలో వజ్రం ఆకారం ఉంటుంది. ఫీల్డర్లందరికీ నంబర్లుంటాయి. బంతి విసిరే పిచ్చర్ 1, బ్యాటర్ వెనక పట్టుకునే క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ 4, థర్డ్ 5, షార్ట్‌స్టాప్ 6, ఆ తర్వాత లెఫ్ట్, సెంటర్, రైట్ ఫీల్డర్లు 7, 8, 9. షార్ట్‌స్టాప్ నిలబడేది సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్యనే అయినా నంబరు మాత్రం 6, అక్కడ అందరూ మొదట్లో తడబడతారు. ఇవి వీపు మీద వేసుకునే జెర్సీ నంబర్లు కావు, నిలబడే చోటు నంబర్లు. ఇవి వచ్చేస్తే సగం భాష వచ్చినట్టే. బంతి షార్ట్‌స్టాప్ దగ్గరికి దొర్లింది, అతను సెకండ్ బేస్‌కి విసిరాడు, అక్కణ్ణించి ఫస్ట్‌కి, ఇద్దరు అవుట్. దాన్ని 6-4-3 అని రాస్తావు. పక్కన ఎవరో "సిక్స్-ఫోర్-త్రీ డబుల్ ప్లే" అంటే ఇంక నీకు బొమ్మ కళ్ల ముందు కనబడుతుంది.

ఊపినా తగలని బంతి, అందేలా వచ్చినా ఊపకుండా వదిలేసిన బంతి స్ట్రైకు. బ్యాటర్ మూడు స్ట్రైకులకి అవుటైతే కె అనే అక్షరం రాయాలి. బ్యాట్ ఊపకుండా మూడో స్ట్రైకుని చూస్తూ నిలబడిపోయి అవుటైతే అదే అక్షరాన్ని తిరగేసి రాస్తారు. ఈ స్కోరు రాసే పద్ధతికి పునాది వేసిన హెన్రీ చాడ్విక్ ఇంగ్లండ్‌లో పుట్టి, న్యూయార్క్ పత్రికలకి క్రికెట్ వార్తలు రాసిన విలేకరి. ఎస్ అక్షరం శాక్రిఫైస్‌కి, అంటే తాను అవుటై బేస్ మీదున్నవాణ్ణి ముందుకు పంపడానికి, వాడేశాడు కాబట్టి, స్ట్రక్ అనే మాటలో చివరి అక్షరం తీసుకున్నాడు. క్రికెట్ చూసిన మనిషే ఈ ఆటకి లెక్క రాశాడంటే, క్రికెట్ చూస్తూ పెరిగిన మనకి ఇదేం పరాయిది కాదనిపిస్తుంది నాకు.

కానీ ఆ క్రికెట్ చెవే ఒక్కోసారి మోసం చేస్తుంది. మనకి పిచ్ అంటే నేల, ఇక్కడ పిచ్ అంటే విసిరిన బంతి. వెనక్కి, పక్కలకి పోయిన బంతికి మనం పరుగు తీస్తాం, ఇక్కడ అది ఫౌల్. మనకి డక్ అంటే సున్నాకి అవుటవడం. ఇక్కడ ఎవరైనా "డక్స్ ఆన్ ద పాండ్" అని అరిస్తే బేసుల మీద మనవాళ్లు సిద్ధంగా ఉన్నారని అర్థం, సంతోషించాల్సిన సమయం అన్నమాట. యావరేజ్ కూడా అంతే. ఫలానా ఆయన త్రీ హండ్రెడ్ హిట్టర్ అంటే మూడు వందల పరుగులు కొట్టాడని కాదు, పదిసార్లలో మూడుసార్లు హిట్ సాధిస్తాడని. అదే గొప్ప. 1941లో టెడ్ విలియమ్స్ .406 కొడితే ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. మనవాడు పదిసార్లలో ఏడుసార్లు అవుటై వస్తే మొహం చిన్నబుచ్చుకోకు.

పిల్లల మ్యాచ్‌లో ఎక్కువ వినపడేవి ఇంకొన్ని ఉన్నాయి. "చోక్ అప్" అని వినబడితే నువ్వు కంగారు పడకు, బ్యాట్‌ని కాస్త పైకి పట్టుకోమని అర్థం. "ట్యాగ్ అప్" అంటే గాల్లో లేచిన బంతిని ఫీల్డర్ పట్టేదాకా బేస్ మీదే కాలుంచి, పట్టాక పరుగెత్తమని. "ఆన్ డెక్" అంటే తర్వాతి వంతు నీదే అని. సులువైన క్యాచ్‌ని "క్యాన్ ఆఫ్ కార్న్" అంటారు. పాతకాలం కిరాణా కొట్లలో పై అరలోని డబ్బాని కర్రతో కదిపి ఒళ్లోకి పట్టుకునేవాళ్లట, అలా వచ్చిందని పెద్దవాళ్లు చెబుతారు. రెండు బేసుల మధ్య ఇరుక్కుని అటూ ఇటూ పరిగెత్తేవాడిది "పికిల్". మన అడకత్తెరలో పోకచెక్క. పిల్లలకి ఇది మహా సరదా.

"రబ్ సమ్ డర్ట్ ఆన్ ఇట్" అనేది మాత్రం నాకు ఏనాడూ నచ్చలేదు. దెబ్బ తగిలిన పిల్లాడికి మట్టి రాసుకుని ఆడమని చెప్పడం. ఎవరేమనుకున్నా సరే, బంతి తగిలితే నువ్వు లేచి వెళ్లి చూడు.

మనవాడు ఎడమచేత్తో విసురుతున్నాడన్నావు. వాణ్ణి "సౌత్‌పా" అంటే వెక్కిరింపు అనుకోవద్దు. మా అమ్మ ఉండి ఉంటే పుర్రచెయ్యి అని మాన్పించేది గానీ, ఇక్కడ ఎడమచేతి పిచ్చర్ దొరికితే కోచ్‌లకి పండగే.

మ్యాచ్‌లు లేని రోజుల్లో రేడియో విను. టీవీ వద్దు. టీవీలో బొమ్మ కనబడుతుంది కాబట్టి మాట మీద చెవి పెట్టం. సెయింట్ లూయిస్ వచ్చిన కొత్తలో నాకు ఈ భాష నేర్పింది కారు రేడియోలో మా ఊరి టీమ్ కార్డినల్స్ వ్యాఖ్యాతలు జాక్ బక్, మైక్ షానన్‌ల గొంతులే. మీ అట్లాంటాలో బ్రేవ్స్ మ్యాచ్‌లు వస్తాయి, వంట చేసుకుంటూ విను. కౌంట్ చెప్పేటప్పుడు బాల్స్ ముందు, స్ట్రైకులు తర్వాత అన్నది గుర్తుంచుకుంటే చాలు. "త్రీ అండ్ టూ" అనగానే నీ చెయ్యి గరిటె మీద ఆగిపోతుంది చూడు.

ఇక ముద్దుపేర్లు. నిన్ను ముప్ఫై ఐదేళ్లుగా బుజ్జీ అని పిలుస్తున్న ఇంట్లోంచి వచ్చినదానివి, నీకు ఇవి తొందరగా నచ్చుతాయి. మా కార్డినల్స్ ఆటగాడు స్టాన్ మ్యూజియల్‌ని "స్టాన్ ద మ్యాన్" అన్నది మా ఊరివాళ్లు కాదు. 1946లో బ్రూక్లిన్‌లో ఆడటానికి వెళ్తే, వాళ్ల టీమ్‌ని చితకబాదుతున్న ఈయన్ని చూసి "వచ్చాడ్రా ఆ మనిషి" అని అక్కడి జనమే అనడం మొదలుపెట్టారు. ఎదుటివాళ్లు ఇచ్చిన బిరుదు కంటే ఏం కావాలి? తర్వాత అదే టీమ్‌లో ఆడిన ఆల్బర్ట్ పూహోల్స్‌ని అదే అర్థం వచ్చే స్పానిష్ మాటతో "ఎల్ ఓంబ్రే" అని పిలవబోతే, ఆ పేరు మ్యూజియల్‌దే, నన్నలా పిలవొద్దని చెప్పాడు. పేరుని అంత గౌరవంగా చూస్తారు.

యోగి బెర్రా కూడా ఇక్కడే, ఇటాలియన్లు ఉండే ద హిల్ అనే పేటలో పెరిగినవాడు. అసలు పేరు లారెన్స్. కుర్రతనంలో మన దేశం గురించిన ఏదో సినిమా చూసిన స్నేహితుడొకడు, అందులోని యోగిలాగే వీడూ కాళ్లు మడిచి కూర్చుంటాడని ఆ పేరు పెట్టాడు. 1956 వరల్డ్ సిరీస్‌లో డాన్ లార్సెన్ ఒక్క బ్యాటర్‌ని కూడా బేస్ చేరనివ్వకుండా వరసగా 27 మందిని అవుట్ చేసి పర్‌ఫెక్ట్ గేమ్ వేస్తే, పరుగెత్తుకెళ్లి అతని మీదికి ఎగిరి దూకిన క్యాచర్ ఈ యోగీయే. అన్నట్టు, ఏ పిచ్చరైనా ఇంకా ఒక్క హిట్టూ ఇవ్వకుండా ఆడుతుంటే నో-హిట్టర్ అన్న మాట నోటితో అనకూడదు. పిల్లల మ్యాచ్‌లోనూ అంతే. దిష్టి తగులుతుందన్నట్టే చూస్తారు.

అన్ని పేర్లూ ప్రేమతో పెట్టినవి కావు. ఒజిబ్వే తెగకి చెందిన చార్ల్స్ బెండర్ గొప్ప పిచ్చర్. జనం ఆయన్ని "చీఫ్" అన్నారు. ఆ కాలంలో ఆదివాసీ ఆటగాడు కనబడితే చాలు, అదే పేరు తగిలించేవాళ్లు. ఆయన మాత్రం సంతకం చార్ల్స్ అనే పెట్టేవాడు. క్లీవ్‌లాండ్ టీమ్ ఇండియన్స్ అన్న పేరు వదిలి గార్డియన్స్ అయింది 2022 సీజన్ నుంచే. మీ బ్రేవ్స్ పేరు మీదా ఆ వాదన ఉంది. పాత పేర్లు వినబడితే అర్థం చేసుకో, నువ్వు మాత్రం అనకు.

ఇదంతా రాయడానికి ఇంకో కారణం, మనవాడి పేరుని టీమ్‌లో రెండక్షరాలకి కుదించారని నువ్వు చెప్పడం. పలకడం చేతకాక కోసేశారో, ముద్దుగా పిలుచుకుంటున్నారో మనకి దూరం నుంచి తెలియదు. వాడినే అడుగు. కారులో వద్దు, గెలిచి వచ్చిన రోజూ వద్దు, మామూలు రోజు అన్నం తింటున్నప్పుడు అడుగు. నచ్చిందంటే మనమూ అలాగే పిలుద్దాం. నచ్చలేదంటే కోచ్ దగ్గరికెళ్లి పూర్తి పేరు ఎలా పలకాలో మర్యాదగా నేర్పించు. కోచ్ నేర్చుకుంటే పిల్లలు ఒక్క రోజులో నేర్చుకుంటారు.

శనివారం మ్యాచ్ ఆరు ఇన్నింగ్‌లే కదా. మొత్తం రాయడం కుదరకపోతే మనవాడి వరస ఒక్కటీ రాయి. తప్పులున్నా చెరపకుండా ఆ పేజీ ఫోటో తీసి పంపు, రాత్రి ఫోన్ చేసి ఇద్దరం కలిసి చూద్దాం. మీ పెద్దమ్మ వాడికి సున్నుండలు పోస్టు చేసింది, అందాయో లేదో చెప్పు.

ఆశీస్సులతో,
పెదనాన్న