డ్యాష్‌క్యామ్ వైరు కనపడకుండా, బ్యాటరీ దిగకుండా

డ్యాష్‌క్యామ్ (కారు ముందు అద్దానికి పెట్టే క్యామెరా) వైరు డ్యాష్‌బోర్డు మీద వేలాడుతోందనీ, రాత్రి అమలాపురంలో ఆపిన కారు పొద్దున్నే స్టార్ట్ కావట్లేదనీ అడిగారు కదండీ. రెండూ ఒకే పనితో తీరతాయి.

ముందు బ్యాటరీ సంగతి. కొన్ని కార్లలో తాళం తీసేసినా ఛార్జింగ్ సాకెట్‌కి కరెంటు వస్తూనే ఉంటుంది. తాళం తీశాక కూడా క్యామెరా లైటు వెలుగుతోందంటే మీదీ అదే. హార్డ్‌వైర్ కిట్ (క్యామెరాను సాకెట్‌కి బదులు నేరుగా ఫ్యూజ్ బాక్సుకి కలిపే వైర్లు), ఫ్యూజ్ ట్యాప్ (ఫ్యూజు దగ్గర్నుంచి కరెంటు తీసుకునే చిన్న ముక్క) కొనండి. ఫ్యూజ్ బాక్సులో తాళం తిప్పితేనే కరెంటు వచ్చే ఫ్యూజు ఏదో టెస్టర్‌తో చూసి, దాన్నుంచే కనెక్షన్ తీసుకోండి. కిట్‌లోని నల్ల వైరు కారు బాడీ మీద పెయింటు లేని బోల్టుకి బిగించాలి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ (బ్రేకుల వ్యవస్థ) ఫ్యూజుల జోలికి మాత్రం వెళ్లకండి.

వైరును అద్దం పైనున్న రూఫ్ లైనింగ్ అంచులోకి పాత ఏటీఎం కార్డుతో నొక్కుకుంటూ పోండి. ఆత్రేయపురం పూతరేకులో బెల్లంలా లోపలే ఉండిపోతుంది. అసలు జాగ్రత్తంతా అద్దం పక్కనుండే పిల్లర్ (స్తంభం) దగ్గరే. దాని మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉంటే వైరు ఎయిర్‌బ్యాగ్ వెనకనుంచే దిగాలి. ముందునుంచి వేస్తే అది తెరుచుకునేటప్పుడు అడ్డుపడుతుంది. ప్లాస్టిక్ ఊడదీయడం భయమనిపిస్తే ఆ ఒక్క ముక్కా ఎలక్ట్రీషియన్‌కి వదిలేయండి, తప్పేం లేదు.

మన కోనసీమ ఉక్కకి క్యామెరాను అద్దానికి అంటించే టేపు ఊడొచ్చేస్తుంది. అద్దాన్ని ఆల్కహాల్‌తో తుడిచి, బాగా ఆరాకే అంటించండి.